సొలొమోను చెప్పని సీసాల సంగతి

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర సోడాలు కొట్టే సొలొమోను నోట్లో నువ్వుగింజ నానదని పేరు. అది పుట్టుకతో వచ్చిన గుణమైతే ఎంత బాగుండేది!

పంతొమ్మిదివందల అరవై ప్రాంతం నాటి మాట. బెజవాడ నుంచి గ్యాసు సిలిండర్ల లారీ నందిగామ వచ్చిన రోజున చుట్టుపక్కల సోడా షాపుల వాళ్ళంతా అక్కడ చేరేవారు. టీ తాగుతూ ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పేవారు. ఏ నూతి నీళ్ళతో సోడా చప్పబడుతోంది, సీసా మెడలోని గోలీని ఏ వాషరు పట్టి ఉంచడం లేదు, అన్నీ అక్కడే తేలేవి. సొలొమోను పనంతా అలా నేర్చుకున్నదే. గ్యాసు పట్టేటప్పుడు పేలినా పెంకులు ఎగరకుండా సీసాకి తడిగోనె చుట్టడం చూపించింది నందిగామ కృపారావు.

ఆ కృపారావే ఓ ఏడు పెనుగంచిప్రోలు తిరనాళ్ళలో సొలొమోను ఎప్పుడూ కొట్టు పెట్టే చోటు వేలం పాటలో దక్కించుకున్నాడు. పాట న్యాయంగానే జరిగింది. అయినా సొలొమోనుకి కడుపు మండింది.

అప్పుడే ఓ వ్యాపారి చవగ్గా కొత్త సీసాలు తెచ్చాడు. సొలొమోను కొన్నవాటిలో రెండు కొద్దిపాటి గ్యాసుకే మెడ దగ్గర పగిలాయి. మిగతావి తిరిగిచ్చేశాడు. లారీ వచ్చిన రోజు కృపారావుతో సహా అందరూ ఆ సీసాలు కొనాలా వద్దా అని మాట్లాడుకుంటుంటే ఈ మహానుభావుడు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. కృపారావుకి నాలుగు సీసాలు పగిలి నష్టం వస్తే చాలనుకున్నాడు, అంతే.

తిరనాళ్ళలో ఆ కొత్త సీసాల్లో ఒకటి, తడిగోనె చుట్టినా ఆగక, పేలి గాజుపెంకు కృపారావు కుడికంట్లో దిగింది. ఆ కన్ను పోయింది.

నిజం చెప్పేయాలనే సొలొమోను ఆసుపత్రికి బయల్దేరాడు. దారిపొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. తీరా వెళ్ళాక కృపారావే ముందు మాట్లాడాడు.

"నువ్వు ముందే ఆ సీసాలు తీసుకున్నావని ఆ వ్యాపారి చెప్పాడ్రా. తేడా ఉంటే మాకు చెప్పకుండా ఉంటావా అని ధైర్యంగా కొన్నా. నీ సీసాలేం పగల్లేదు గదా?"

"లేదన్నా," అన్నాడు సొలొమోను.

ప్రార్థనలో ఎన్నిసార్లు మోకరించినా ఆ అబద్ధం అతన్ని వదల్లేదు. ఆనాటి నుంచి ఏది తెలిసినా అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. వాషరు కాస్త కారినా సైకిలేసుకుని నందిగామ దాకా వెళ్ళి చెప్పొచ్చేవాడు. జనం నవ్వేవారు.

కొత్తగా షాపు పెట్టినవాళ్ళు ఎవరొచ్చినా కృపారావు ఉన్న ఒక్క కంటితో అతన్ని చూపించేవాడు. "మా సొలొమోనుని అడుగు. కడుపులో మాట దాచుకోవడం చేతగాదు వాడికి."

సొలొమోను టీ గ్లాసులోకి చూసేవాడు.