తలుపుకు ఆనించిన కర్ర: షార్జా నుంచి కార్గోపోల్ దాకా

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా కార్పెంటరీ వర్క్‌షాప్‌కు వచ్చే తెల్ల కట్టె రష్యాది. కట్టల చివర్ల మీద నల్ల రంగుతో వాళ్ల అక్షరాలు అచ్చు కొట్టి ఉంటాయి. పద్దెనిమిదేళ్లుగా ఆ కట్టెను కోసి, చిత్రిక పట్టి, తలుపులూ అల్మారాలూ చేస్తున్నాను. బయట ఎండ నెత్తి మాడుస్తున్నప్పుడు కూడా, రంపం కింద అది తెగితే చల్లటి జిగురు వాసన వస్తుంది. మా ఊరు జగిత్యాల దగ్గర. అక్కడి టేకు వాసన వేరు, దీని వాసన వేరు. ఈ చెట్టు పెరిగిన చోటేదో ఒకసారి చూసి రావాలని ఎన్నాళ్లుగానో మనసు లాగేది. అయితే అనుకున్నవన్నీ చూసేంత తీరిక దుబాయ్ బతుకులో ఎవడికుంది? చివరికి నన్ను కదిలించింది నికొలాయ్.

నికొలాయ్ మా వర్క్‌షాప్‌లో మెషీన్లు బాగుచేసే మెకానిక్. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. ఉత్తర రష్యాలో అర్ఖాంగెల్స్క్ ప్రాంతంలోని కార్గోపోల్ జిల్లా అతనిది. రెండేళ్లని చెప్పి వచ్చి పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. మా మధ్య ఉండీ ఉండీ ముక్కలు ముక్కలుగా హిందీ పట్టాడు. ఊళ్లో తాత కట్టిన దుంగల ఇంట్లో అతని అన్న ఒక్కడే ఉండేవాడు. 2020లో విమానాలు ఆగిపోయిన రోజుల్లో ఆ అన్న చనిపోయాడు. నికొలాయ్ మట్టి వేయడానికి వెళ్లలేకపోయాడు. ఆ తర్వాత విమానాలు మొదలైనా వెళ్లలేదు.

2024 మే నెలలో ఒకరోజు చాయ్ తాగుతూ అన్నాడు: “గంగా భాయ్, మాస్కో పార్టీ ఒకడు నా ఇల్లు అడుగుతున్నాడు. దుంగలకు నంబర్లు వేసి, విప్పి, లారీలో తీసుకుపోయి వేరే చోట నిలబెడతాడట. ఈ వేసవిలోనే జవాబు కావాలంటున్నాడు. నువ్వు లకిడీ తెలిసిన ఉస్తాద్‌వి. చూసి చెప్పు, మంచిగా ఉందా, ఖలాస్ అయిందా.”

“నీ ఇల్లు నువ్వే పోయి చూసుకోరాదా?” అన్నాను.

“అక్కడ ఎవరున్నారని పోవాలి?” అని గ్లాసు కింద పెట్టి మెషీన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

ముప్పై రోజుల సెలవులో తొమ్మిది రోజులు రష్యాకు, మిగతావి ఊరికి అని లెక్క వేసుకున్నాను. ఫోన్‌లో మా ఆవిడ పద్మకు చెప్పాను. “కట్టె చూడనీకి రష్యా దాకా పోతవా? మన దర్వాజకు చెదలు పట్టింది, ముందుగాల అది చూడనీకి రా” అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ తొమ్మిది రోజులు ఎవరి రోజుల్లోంచి తీస్తున్నానో ఇద్దరికీ తెలుసు.

వెళ్లాలనుకునేవారి కోసం వివరాలు చెబుతాను. భారతీయ పాస్‌పోర్టుకు ఈ-వీసా ఇంటి నుంచే దొరికింది. ఫీజు యాభై డాలర్ల పైచిలుకు, వచ్చింది నాలుగో రోజున. షార్జా నుంచి మాస్కోకు విమానం అయిదున్నర గంటలు, రానూపోనూ పదకొండు వందల దిర్హాములు పడింది. మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు, అందుకని డాలర్లు నోట్లుగా పట్టుకెళ్లాను. మాస్కోలోని యరొస్లావ్‌స్కీ స్టేషన్‌లో సాయంత్రం రైలెక్కితే, పద్నాలుగు గంటలకు పైగా ఉత్తరానికి పోయి పొద్దున న్యాందొమాలో దిగుతాం. పడక టికెట్ కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపించి కొన్నాను, మూడు వేల రూబుళ్లు. జూన్‌లో అక్కడ చీకటి సరిగా పడదు. కిటికీ పక్కన ఒకటే అడవి. నేను పద్దెనిమిదేళ్లు కోసిన కట్టె, ఇంకా కోయకుండా నిలబడి ఉంది. నిద్ర పట్టలేదు నాకు.

న్యాందొమా నుంచి కార్గోపోల్‌కు ఎనభై కిలోమీటర్లు. బస్సు ఉంది గానీ, నేను వెళ్లాల్సిన పల్లె అక్కడి నుంచి ఇంకో ముప్పై కిలోమీటర్లు. అందుకని అలెక్సేయ్ అనే డ్రైవర్‌తో రోజుకు ఆరు వేల రూబుళ్లకు కారు మాట్లాడుకున్నాను. మా మాటలన్నీ ఫోన్‌లోని అనువాదం గుండానే. నేను హిందీలో చెబితే అది రష్యన్‌లో పలికేది, అతను చెప్పింది నాకు హిందీలో వినిపించేది. ఎక్కడి నుంచని అడిగాడు. దుబాయ్ అన్నాను. నన్నూ, నేను షార్జా రోలా మార్కెట్‌లో కొన్న లావు జాకెట్‌నూ మార్చి మార్చి చూశాడు. “ఇది జూన్. దీన్ని జనవరికి దాచుకో” అన్నాడు. అరగంటలో జాకెట్ విప్పి వెనక సీట్లో పడేశాను.

కార్గోపోల్ చిన్న ఊరే గానీ, చూస్తే ఒకప్పుడు బాగా బతికిన ఊరని తెలుస్తుంది. లాచా సరస్సు నుంచి ఒనేగా నది ఇక్కడే పుట్టి, ఉత్తరంగా పోయి తెల్ల సముద్రంలో కలుస్తుంది. ఆ సముద్రం ఒడ్డున కాచిన ఉప్పు ఈ నది దారినే పైకి వచ్చేది. ఆ ఉప్పు వ్యాపారం మీదే పదహారో శతాబ్దం నాటికి ఇక్కడి వర్తకులు తెల్లరాతి చర్చిలు కట్టారు. తర్వాత పీటర్స్‌బర్గ్ రేవు పట్నం వెలిసింది, వ్యాపారం అటు తిరిగింది. రైలు పట్టాలు పడ్డప్పుడు అవీ ఎనభై కిలోమీటర్ల దూరం నుంచే పోయాయి. “మమ్మల్ని అందరూ పక్కనుంచి దాటిపోయారు” అన్నాడు అలెక్సేయ్, కోపమేమీ లేకుండా. పెద్ద చర్చి కింది కిటికీలు నేలలోకి దిగిపోయి ఉన్నాయి. పాత అగ్నిప్రమాదం తర్వాత చుట్టూ మట్టి ఎత్తు పెరిగిందట.

మధ్యాహ్నం ఒంటిగంటకు పల్లె చేరాం. ఒకప్పుడు అరవై గడపల ఊరని నికొలాయ్ చెప్పేవాడు. రెండో ప్రపంచ యుద్ధానికి పోయిన మగవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. తర్వాత చిన్న ఊళ్లకు భవిష్యత్తు లేదని ప్రభుత్వం బడి, దుకాణం తీసేసింది. సామూహిక వ్యవసాయం కూలాక మిగిలినవాళ్లూ పట్నం దారి పట్టారు. ఇప్పుడు మూడు పొగగొట్టాల్లోనే పొగ కనిపించింది. దోమలు మాత్రం అరవై గడపలకు సరిపడా ఉన్నాయి. ఇళ్లను వడ్రంగి కళ్లతో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. మనుషులు, ఆవులు, గడ్డి, అంతా ఒకే కప్పు కింద. ఆరు నెలల మంచులో బయటికి రాకుండా పని జరిగేలా కట్టుకున్నారు. దుంగల చివర్లు రంపంతో కాదు, గొడ్డలితో తెంపినవి. రంపం కట్టె నారను చింపుతుంది, నీళ్లు లోపలికి పోతాయి. గొడ్డలి దెబ్బ నారను అణిచి మూసేస్తుంది. నాకు తెలిసిన సంగతే గానీ, నూరేళ్ల గోడ మీద చేత్తో తడిమి చూడటం అదే మొదటిసారి.

నికొలాయ్ ఇంటికి తాళం లేదు. చేతి కర్ర పొడవున్న కర్ర ఒకటి తలుపుకు ఏటవాలుగా ఆనించి ఉంది. మా వర్క్‌షాప్‌లో తలుపుకు కట్టె ఆనిస్తే ముదీర్, అంటే మా మేనేజర్, పెడబొబ్బలు పెడతాడు, ఎవరి కాలి మీదనో పడుతుందని. ఆ అలవాటు కొద్దీ కర్ర తీసి పక్కన గోడకు పడుకోబెట్టాను. బూట్లు బయట మెట్టు మీదే విడిచాను, రూమ్‌లో ఎనిమిదిమంది ఉండే మాకు అదే అలవాటు. లోపలికి పోయి, సుత్తి పిడితో ఒక్కో దుంగనూ తట్టి చూస్తూ, నేల దగ్గరి దుంగల్లో స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తూ పనిలో పడిపోయాను.

పావుగంట అయిందో లేదో, బయట ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు. “కోల్యా” అని పిలుపు. నికొలాయ్‌ని ఇంట్లోవాళ్లు అలా పిలిచేవారని నాకు తెలుసు. తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. నికొలాయ్ వయసే ఉంటుంది. పని బట్టల మీద మంచి స్వెట్టర్ వేసుకుంది, ఒక గుండీ తప్పుగా పెట్టుకుంది. చేతిలో తువ్వాలు కప్పిన పళ్లెం, వేడిగా పొగలు కక్కుతోంది. నన్ను చూసి ఆగిపోయింది. నా వెనక గదిలోకి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

అలెక్సేయ్ వచ్చి నేనెవరో చెప్పాడు. ఆమె ఎదురింటి నీనా. పళ్లెం బల్ల మీద పెట్టి, ఫోన్ ముందు మెల్లగా అడిగింది: “కర్ర ఎవరు తీశారు?”

“నేనే, దీదీ. దారికి అడ్డంగా ఉందని.”

“మా వైపు తాళాలు వేయం. కర్ర ఆనించి పోతాం. ఇంటివాడు బయటికి పోయాడు, వస్తాడు అని దాని అర్థం. అప్పుడు ఎవరూ లోపలికి రారు. కర్ర లేదంటే ఇంటివాడు వచ్చాడని.” చేత్తో ఎదురింటి వైపు చూపించింది. “వాళ్ల అన్నను పూడ్చిన మర్నాడు ఆ కర్ర నేనే పెట్టాను. నాలుగేళ్లుగా పొద్దున లేవగానే కిటికీలోంచి ముందు దాన్నే చూస్తాను. మంచులో పడిపోతే మళ్లీ నిలబెడతాను. ఇప్పుడు పొయ్యిలోంచి రొట్టెలు తీస్తూ చూస్తే అది లేదు. మెట్టు మీద మగవాళ్ల బూట్లు ఉన్నాయి.”

నాకు తల కొట్టేసినట్టయింది. కొలత తప్పి ఎన్నో పలకలు పాడుచేశాను ఇన్నేళ్లలో. ఇలా ఎప్పుడూ సిగ్గుపడలేదు. చేతులు జోడించాను. ఆమె అదేమీ పట్టించుకోకుండా తువ్వాలు తీసి, తిను అని సైగ చేసింది. గోధుమలాంటి రై ధాన్యం పిండి రొట్టెల మీద బంగాళదుంప పెట్టి కాల్చినవి, కలిత్కీలు అంటారట. వెన్న రాసి మూడు తిన్నాను.

వచ్చిన పని ఏమిటో విని, “కుళ్లిపోయిందని చెప్పు” అంది నీనా. “అప్పుడు మాస్కో వాడు రాడు.”

“కట్టె సంగతిలో అబద్ధం చెప్పలేను, దీదీ.”

“మరి ఇల్లు కూడా పోతే, ఆయన రావడానికి ఏముంటుంది ఇక్కడ?” అంది. ఫోన్ ఆ మాటను ఆడగొంతుతో, ఏ భావమూ లేకుండా హిందీలో చదివింది. ఆమె దగ్గర నికొలాయ్ నంబరు లేదట, ఎప్పుడూ అడగలేదట. నా దగ్గరున్నది ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది. వెళ్లేటప్పుడు, “నువ్వే తీశావు, నువ్వే పెట్టు” అంది. కర్రను ముందున్నట్టే, ఎడమ వైపుకి వాలేలా ఆనించాను. సరిగా లేదని ఆమె దాన్ని వేలెడంత జరిపింది.

ఊరికి పోయి, దర్వాజ బాగుచేసి, జూలైలో షార్జాలో దిగాను. నికొలాయ్ చాయ్ కూడా తాగనివ్వలేదు. “లకిడీ ఎట్లుంది?” అన్నాడు.

“ఉత్తరం వైపు అడుగు దుంగలు రెండు పోయాయి. మిగతావి తడితే ఖంగుమంటున్నాయి. ఆ రెండూ మారిస్తే ఇంకో వందేళ్లకు ఢోకా లేదు.”

“అంటే అమ్మొచ్చు.”

“అమ్మొచ్చు” అని, కర్ర సంగతి చెప్పాను. పళ్లెం, తప్పుగా పెట్టిన గుండీ, పరిగెత్తుకొచ్చిన చప్పుడు, అన్నీ చెప్పాను. అతను గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకుంటూనే ఉన్నాడు.

“నీనా పరిగెత్తదు. బడి రోజుల్లో మంచు మీద పడి మోకాలు విరిగింది. అప్పటి నుంచి కుంటుతుంది.”

“పరిగెత్తింది” అన్నాను.

సెప్టెంబర్‌లో నికొలాయ్ ఇరవై రోజుల సెలవు పెట్టాడు. వెళ్లిన అయిదో రోజున నాకు ఒక ఫోటో వచ్చింది. మాట ఒక్కటీ లేదు. అదే తలుపు, దానికి కర్ర లేదు. మెట్టు మీద ఒక జత బూట్లు ఉన్నాయి, మన పద్ధతిలో బయటే విడిచినవి. ఇరవై రోజులు దాటి చాలా కాలమైంది. మాస్కో వాడికి ఏం చెప్పాడో తెలియదు. అతని మెషీన్లు ఇప్పుడు వేరే మనిషి చూస్తున్నాడు.

ఈ ప్రయాణం గురించి ఎవరడిగినా అడవి, నది, ఉప్పు వ్యాపారం, అన్నీ చెబుతాను. నాలో మిగిలింది మాత్రం వేరు. మా ఇంట్లో గడప పక్కన నా పాత చెప్పుల జత ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పట్టీ తెగి వేసుకోవడానికి పనికిరావు. సెలవుకు పోయిన ప్రతిసారీ పారేయమని పద్మను తిడతాను. “ఉండనీ, నీకేమన్న అడ్డమొస్తున్నయా” అంటుంది. మొన్న ఊరికి పోయినప్పుడు ఆమె లేని సమయం చూసి, వాటి దుమ్ము దులిపి, పట్టీ కుట్టి, అక్కడే పెట్టి వచ్చాను.

వెళ్లేవారికి ఒక్క మాట. జూన్‌లో దోమల మందు, చేతిలో నోట్లు మర్చిపోకండి. ఆ పల్లెల్లో ఏ తలుపుకైనా కర్ర ఆనించి కనిపిస్తే మాత్రం, అది ఎంత అడ్డంగా ఉన్నా ముట్టుకోకండి. ఎదురింటి కిటికీలోంచి ఎవరో దాన్ని చూస్తూ ఉంటారు.