బియ్యం డబ్బాలో వేపాకు

ఆ రోజుల్లో మాదాపూర్ మధ్యాహ్నాలు తెల్లగా ఉండేవి. బండలు పేల్చిన దుమ్ము గాలిలోనే నిలిచిపోయేది. కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ అందులో తేలుతున్నట్టు కనిపించేది. రోడ్డవతల పెంకుటింట్లో ఒక అవ్వ ఉండేది. ఉన్న ఎకరం అమ్మి, ఆ నోట్లను బియ్యం డబ్బాలో దాచింది. శంకర్‌పల్లి దగ్గర ఒక పొలం చూసుకుంది, నెలలోగా కొనాలి.

ఇంతలో ఆమె వెనక గదిలో కిరాయికున్న ఇద్దరు గంజాయితో దొరికారు. పోలీసులు ఇల్లంతా వెతికి డబ్బాలోని నోట్లూ తీసుకుపోయారు. నోట్ల మధ్య ఎండుటాకుల పొడి ఉందని పంచనామాలో రాశారు. నేనప్పుడు ఒక పేపరులో రిపోర్టర్‌ని, అయినా ఆ ఇంటి వైపు వెళ్లనే లేదు. పోలీసులిచ్చిన ప్రెస్ నోట్ చూసి 'బియ్యం డబ్బాలో గంజాయి సొమ్ము' అని రాసేశాను.

డబ్బు ఇప్పించమని అవ్వ కోర్టుకెళ్లింది. విచారణ రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. పైన ఫ్యాను నిద్రలో ఉన్నట్టు తిరుగుతోంది. అవ్వ వకీలు భూమి అమ్మిన కాగితం చూపించాడు. ఈ డబ్బుకూ గంజాయికీ సంబంధం ఏమిటని జడ్జి అడిగారు. ప్రభుత్వ వకీలు ఆకుల సంగతి చెప్పి, ఒక పేపరు ముక్క పైకెత్తాడు. అది నా వార్త.

"ఇది ఆ రిపోర్టరుకు ఎవరు చెప్పారు?" అన్నారు జడ్జి.

"మేమేనండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆకుల్ని పరీక్షకు పంపారా?"

"లేదండి."

పంచనామాలో సాక్షిగా సంతకం పెట్టిన పక్కింటి కిరాణా కొట్టాయన బోనెక్కాడు. "గది యాపాకు సారు. పురుగు వడకుండ బియ్యంల ఏస్తం. మా ఇంట్ల గూడ ఉన్నది. ఇగ నన్ను గూడ పట్కపోతరా?"

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"ఎవరడిగిన్రు సారు? సంతకం వెట్టుమన్నరు, వెట్టిన."

అనుమానం ఒక్కటే చాలదని, డబ్బు తిరిగిచ్చేయమని జడ్జి అన్నారు.

బయట వేరే వాళ్లు చెబితే అవ్వ నన్ను గుర్తుపట్టింది. "పేపర్ల రాసింది నువ్వేనా బిడ్డా? ఇప్పుడన్న ఇంటికొచ్చి చూడు."

డబ్బు చేతికొచ్చిన రోజు వెళ్లాను. శంకర్‌పల్లి పొలం అప్పటికే వేరేవాళ్లు కొనేసుకున్నారు. ఇంకా అవతలికి పోయి వెతుక్కోవాలని చెబుతూ, ఆమె నోట్లను మళ్లీ బియ్యంలోకి దించింది. ఈసారి ఆకు వేయలేదు.

"పురుగు వడదా అవ్వా?" అన్నాను.

"వడితే వడనీ. పురుగైతే జల్లించుకుంట."