గుడ్డముక్కల సంచి

టేపు మాస్టారు తాగుడుకి బానిసయ్యాడని వీధి వీధంతా కోడై కూసింది. పట్టపగలే తూలుతున్నాడనీ, ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించాడనీ, అదేమని అడిగితే కత్తెర విసిరికొట్టాడనీ చెప్పుకున్నారు.

"నోట్లో నాలుక లేని మనిషికి ఇంత నాలుక ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు? సీసాలోంచే," అని ఇస్త్రీ బండివాడు నవ్వాడు.

చేతుల సంగతి నిజమే. ఇరవై రెండేళ్లుగా ఆయన బావమరిది కుట్టుకొట్లో కటింగు మాస్టారు. మెడలో టేపు నిద్రలోనూ తీయడు. "ఏదో ఒకరోజు అది నా మెడకి చుట్టుకుంటుంది, అప్పుడు కొలతలు తీసుకుందురు గాని," అనేది భార్య. అంతటి పనివాడు రెండు ఎడమ చేతులు కోశాడంటే ఆమెకీ అనుమానం వచ్చింది. దగ్గరికెళ్లి నోరు వాసన చూసింది. ఏమీ రాలేదు.

"వాసన రానివి కూడా దొరుకుతున్నాయక్కా ఈ రోజుల్లో," అన్నాడు కొట్టు నడిపే ఆమె తమ్ముడు.

కూతురు బడి మానేసినప్పటి నుంచి ఇంట్లో కూర్చుని కొట్టుకి కాజాలు కుడుతోంది. అందరూ తూలడం చూశారు గానీ, ఆ పిల్ల అంతకు ముందే ఇంకొకటి చూసింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో నాన్న ఒక పంట్లాము మీద ఇస్త్రీ పెట్టె ఆనించి అలాగే నిలబడిపోయాడు. పొగ లేచింది.

"నాన్నా, కాలుతోంది."

"ఏది?" అన్నాడాయన, చుట్టూ చూస్తూ.

వీధి చివర దారం మాడినా ఇక్కణ్ణుంచి పసిగట్టే మనిషి ఆయన. ఆ తర్వాత తలనొప్పి అంటూ కిటికీలు మూయించాడు. చెప్పిందే మూడుసార్లు అడిగేవాడు. మిషను చప్పుడుకి ఒంటికాలి మీద లేచేవాడు, వెంటనే కూర్చుని ఏడ్చేవాడు. కుడికాలి చెప్పు నేలకి రాసుకుంటూ నడిచేవాడు. ఇవన్నీ తాగుడు లక్షణాలేనా అని అడగాలనుకుంది కూతురు. కానీ పెద్దవాళ్ల మధ్య మాట్లాడే అలవాటు ఆ పిల్లకి లేదు.

ఆసుపత్రికి మేనమామే తీసుకెళ్లాడు. తల్లీకూతుళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఈమధ్య తలకి దెబ్బేమైనా తగిలిందా?" అని డాక్టరు అడిగాడు.

మాస్టారు పాఠం మరిచిన పిల్లాడిలా బావమరిది మొహంలోకి చూశాడు. "గుర్తులేదండి."

"అబ్బే, దెబ్బలేం లేవండి. పొద్దస్తమానం నా కళ్లముందే ఉంటాడు. అంతా మందు మహిమే," అన్నాడు మేనమామ, బావ భుజం మీద చెయ్యి వేసి.

డాక్టరు మందు మాన్పించే బిళ్లలు రాసిచ్చాడు. వాటితో నాన్న మరింత మగతగా పడుకునేవాడు.

నెలాఖరుకి కొట్టు నుంచి ఎప్పటిలాగే గుడ్డముక్కల సంచి వచ్చింది. నేల ఊడ్చినవన్నీ అందులో కుక్కి పంపడమే తప్ప లోపల ఏముందో మేనమామ ఏనాడూ చూడడు. అతుకులకి పనికొచ్చేవి ఏరుకుని, మిగతావి దిండ్లలో నింపడం కూతురి పని. అడుగున తెల్లటి లైనింగు గుడ్డ మడత ఒకటి తగిలింది. మడతలు అట్టకట్టి గోధుమరంగుకి తిరిగాయి. దాన్ని చుట్టిన పీలికకి మేనమామ మూటలకి వేసే రెండుపేటల ముడి ఉంది. ముడి విప్పలేదు, పీలికనే కత్తెరతో కోశారు. లోపల నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

నిద్రపోతున్న నాన్న జుట్టు పాయ తీసి చూసింది. వేలెడు పొడవున మానిన గాటు.

గుడ్డ పట్టుకుని కొట్టుకి వెళ్లింది. "మామయ్యా, ఇది ఎవరిది?"

"ఎక్కడిదే అది?"

"మా సంచిలోది."

అతను షట్టరు వైపు చూశాడు. "షట్టరు స్ప్రింగు తెగిందమ్మా. పెద్ద దెబ్బేం కాదు. పావుగంటకి లేచి కూర్చుని, కత్తెరేది అని అడిగాడు."

"పావుగంటా?"

"బాగుచేయించమని బావ రెండు నెలలుగా పోరుతూనే ఉన్నాడు. మీ అమ్మకి తెలిస్తే నన్ను బతకనిస్తుందా?"

"మరి డాక్టరు అడిగినప్పుడు?"

అతను బల్ల మీది గుండుసూదులు ఒక్కొక్కటే ఏరసాగాడు. "అప్పటికే తాగుడని అందరికీ చెప్పేశాను కదే."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ పిల్ల ఇంటికి వచ్చి, తల్లికి గుడ్డ చూపించి, నాన్నని ఆటో ఎక్కించింది. ఈసారి డాక్టరు ముందు తనే మాట్లాడింది. పావుగంట స్పృహ లేదన్న మాట వినగానే ఆయన కలం కింద పెట్టి, స్కానింగు తీయించాడు. పుర్రె కింద రక్తం కొంచెం కొంచెంగా ఊరి, మెదడుని నొక్కుతోంది. ఆ సాయంత్రమే రంధ్రం చేసి తీసేశారు.

"దెబ్బ తగిలి స్పృహ తప్పితే ఆ రోజే చెప్పాలమ్మా. పైకి మానిపోయినా, వారాల తర్వాత ఇలా బయటపడుతుంది," అన్నాడు డాక్టరు.

మాస్టారు ఇప్పుడు తిన్నగానే నడుస్తున్నాడు. ఇంట్లోనే బల్ల వేసుకుని కత్తిరిస్తున్నాడు. వాసన మాత్రం తిరిగి రాలేదు, అందుకని ఇస్త్రీ పెట్టే దగ్గర కూతురు నిలబడుతుంది. దెబ్బ తగిలిన ఆ ఉదయం ఆయనకి ఇంకా గుర్తు రాలేదు. ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోయి, "మీ తమ్ముడు ఇటు రావడం లేదేం?" అని భార్యని అడుగుతుంటాడు. ఆమె లేచి లోపలికి వెళ్లిపోతుంది.

ఆసుపత్రిలో పెట్టి తాగుడు మాన్పించారట అని వీధిలో ఇప్పుడు చెప్పుకుంటున్నారు. ఆయన ఏనాడూ చుక్క ముట్టలేదు. ఆ నెల మొదటి సోమవారం పొద్దున, కొట్టు తెరుస్తుండగా షట్టరు ఆయన తల మీద పడింది.