మేస్త్రిగారు కట్టిచ్చిన పొట్లం

కార్లు బాగుచేసే మా మేస్త్రిగారు పోయారన్న మాట సోమవారం ఉదయం మా కార్యాలయంలో, నేను ఒక లేఖకు ముసాయిదా రాస్తుండగా తెలిసింది. ఫోను చేసినది ఆయన షెడ్డు పక్కనే పంక్చర్లు వేసే ఆయన. "మన మేస్త్రిగారు వెళ్ళిపోయారండి. తెల్లారగట్ట గుండెల్లో నొప్పన్నారంట. ఆసుపత్రికి చేరేలోపే..." అన్నాడు. నేను "ఎన్ని గంటలకు?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. కలానికి మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. ఆ లేఖ ఆ రోజు పూర్తి కాలేదు.

అప్పటినుంచి నేను కుదురుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు మాటలూ కొంత నిలబడీ, కొంత గదిలో అటూ ఇటూ తిరుగుతూనూ రాస్తున్నవి.

రాజమండ్రిలో చిన్న కార్లున్నవారిలో చాలామందికి కోరుకొండ రోడ్డులోని ఆ రేకుల షెడ్డు తెలుసు. దానికి బోర్డు లేదు. మేస్త్రిగారి పనితనాన్ని నాకంటే బాగా చెప్పగలవారు ఉన్నారు. అయితే నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి ఉంది. అది చెప్పకుండా ఆయనను స్మరించే అర్హత నాకు లేదు.

నేను పగలు గుమాస్తాగా పనిచేస్తూ, సాయంకాల కళాశాలలో చదివి బి.కాం. పట్టా పుచ్చుకున్నవాడిని. ఆ పట్టా నాకు సులువుగా రాలేదు. అందుచేత దాన్ని ఎప్పుడూ కొంచెం ఎత్తుగానే పట్టుకు తిరిగాను. ఆఫీసు సూపరింటెండెంటునైన ఏడాది ఒక ఎర్రని చిన్న కారు కొన్నాను. సెకండ్ హ్యాండుదే, కాని స్పోర్ట్సు రకం. వెడల్పు టైర్లు, వెనుక డిక్కీ మీద ఒక రెక్క. ముందటి యజమాని కుర్రవాడు కావడంతో స్ప్రింగులు కోయించి, కారు పొట్ట నేలకు జానెడు దూరంలో ఉండేటట్లు దింపించాడు. వీధిలో వెళ్తుంటే జనం ఆగి చూసేవారు. అది నాకు ఇష్టంగానే ఉండేది.

మొదటిసారి షెడ్డుకు వెళ్ళిన రోజున, కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, గీతలు గీసుకుని మరీ వెళ్ళాను.

"సస్పెన్షన్ దెబ్బతిన్నదండి. షాక్ అబ్జార్బర్లు మార్చవలసి ఉంటుంది" అన్నాను.

ఆయన చేతులు వేస్టు గుడ్డకు తుడుచుకుంటూ, "పేరు తర్వాత పెడదామండి. ముందు ఏం జరిగిందో చెప్పండి" అన్నారు.

"అదేనండి, సస్పెన్షన్..."

"చప్పుడు గోతిలోనాండి, మలుపులోనా?"

"మలుపులో. వెనుక, ఎడమ పక్క."

"ఎప్పట్నుంచండి?"

"అమలాపురం వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచి."

ఆయన డిక్కీ తెరిచి, స్టెపినీ పక్క సందులో చేయి పెట్టి, ఒక కొబ్బరికాయ తీసి నా చేతిలో పెట్టారు. "ఇదుగోనండీ మీ సస్పెన్షను. పచ్చడి చేయించుకోండి."

పంక్చర్ల ఆయన పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు. "నేను బి.కాం. పట్టభద్రుణ్ణండి" అన్నాను. మేస్త్రిగారు తలూపి, "అయితే ఇంకా మంచిది. కాయని బట్టి చెట్టు ఎక్కడుందో కనిపెడతారు" అన్నారు. ఆనాటి నుంచి ఆయనకు నేను "బి.కాం. గారు". ఆ పిలుపులో వెటకారం ఎంతో, మర్యాద ఎంతో నేను ఎన్నడూ తేల్చుకోలేకపోయాను.

ఆయన నేర్పినవన్నీ చిన్న విషయాలే. పొద్దున్నే ఇంజను తిరగగానే యాక్సిలరేటరు తొక్కకూడదు, ఆయిలు పైదాకా చేరేదాకా ఆగాలి. క్లచ్చి మీద కాలు ఊరికే ఆనించి ఉంచకూడదు. "అది కాలిపీట కాదండి" అనేవారు. దారిలో వేడెక్కిందని రేడియేటరులో కాలవ నీళ్ళు పోయకూడదు. మన తేమకు బ్యాటరీ కొనల మీద పట్టే ఆకుపచ్చ పొడిని వేడినీళ్ళతో కడిగి వ్యాజిలిన్ రాయాలి. టైమింగు బెల్టు తెగేదాకా చూడకూడదు.

ఆయనకు మరొక అలవాటు ఉండేది. కారులోంచి ఏది తీసినా, అరిగిన బ్రేకు ప్యాడు గాని, చక్రపు కీలుకు తొడుగుగా వేసే రబ్బరు బూటు చిరిగినది గాని, వార్తాపత్రికలో చుట్టి, పురికొసతో కట్టి, ముందు సీటు మీద పెట్టేవారు. "పాత సామానండి. మీ దగ్గరుంచండి." ఎందుకని ఒకసారి అడిగాను. "మార్చానని నేను చెప్తే మీరు నన్ను నమ్మాలి. చూసుకుంటే నమ్మక్కర్లేదు గదండీ" అన్నారు.

కోతల కాలం వచ్చేసరికి ఆయన ప్రతి కారు యజమానికీ ఒకే మాట చెప్పేవారు. మన రైతులు పంటను రోడ్డు మీద పరిచి, బళ్ళ చక్రాల కింద నలగనిస్తారు కదా. పొట్ట కిందికున్న కారు ఆ గడ్డి మీదుగా వెళ్తే, అది చక్రాలను తిప్పే యాక్సిలుకు తాడులా చుట్టుకుంటుంది. పక్కనే కాలుతున్న సైలెన్సరు గొట్టం. "గడ్డి దాటాక ఆగండి. దిగండి. వంగి చూడండి. అంతేనండి పని." నాకు మాత్రం మరో మాట కలిపేవారు: "ఆ స్ప్రింగులు మార్పించేయండి బి.కాం. గారూ." అందం పోతుందని నేను మార్పించలేదు.

ఏడేళ్ళ కిందట సార్వా, అంటే తొలి పంట, కోతలప్పుడు, మొగల్తూరులో మా సహోద్యోగి కుమార్తె వివాహానికి బయలుదేరాను. అంతకు ముందు రోజే మేస్త్రిగారు కారు సర్వీసు చేశారు. మా కంపెనీ మేనేజరుగారు, "పదండి, మీ స్పోర్ట్సు కారు సంగతేంటో చూద్దాం" అంటూ నా పక్కన ఎక్కారు. పాలకొల్లు దాటాక రోడ్డంతా గడ్డే. ఆగి చూడాలని నాకు అప్పుడు గుర్తే ఉంది. ఆ సంగతి స్పష్టంగా రాస్తున్నాను: మరచిపోలేదు. తెల్లని ఇస్త్రీ బట్టలతో, మేనేజరుగారి ఎదుట, రోడ్డు మీద మోకాళ్ళు ఆనించి కారు కిందికి వంగడం నాకు నామోషీ అనిపించింది.

గడ్డి పరిచిన మూడోచోటికి చేరేసరికి, దాన్ని తిరగేస్తున్న ఒకామె గట్టిగా కేకవేసింది. "ఓ బాబుగారూ! మీ కారు కింద మంటొస్తందండీ! దిగండి, దిగండి!"

దిగాము. ఆమెతోపాటు నలుగురు కాలవ నీళ్ళు బిందెలతో తెచ్చి కొట్టారు. మంట ఆరింది. ఎవరికీ ఏమీ కాలేదు. "అంత కిందకున్న బండెందుకండీ, బల్లిలాగ!" అని ఆమె నన్ను కోప్పడింది.

మేనేజరుగారు చెమట తుడుచుకుంటూ "ఏమైందండీ?" అన్నారు.

నేను ఇలా అన్నాను: "నిన్ననే సర్వీసు చేయించానండి. మేస్త్రి ఎక్కడో ఆయిలు బిరడా సరిగా బిగించినట్టు లేడు."

ఆ మాట నా నోట ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ లేచి నిలబడవలసి వస్తుంది. మేనేజరుగారు వెనుక వచ్చిన మరొకరి కారులో వెళ్ళిపోయారు. నేను దగ్గర్లోని టెలిఫోను బూత్ నుంచి షెడ్డుకు ఫోను చేశాను. మేస్త్రిగారు పనిముట్ల సంచితో బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి వచ్చారు. గోనెపట్టా పరుచుకుని కారు కిందికి వెళ్ళారు. చాలాసేపు రంపపు బ్లేడు చప్పుడు వినిపించింది. కాలిన గొట్టమొకటి, రబ్బరు బూటొకటి మార్చారు. తర్వాత వార్తాపత్రిక అడిగి తీసుకుని, ఏదో చుట్టి, పురికొస కట్టి, సీటు మీద పెట్టారు.

"పాత సామానండి. మీ దగ్గరుంచండి."

ఆ పొట్లం తేలికగా ఉంది. నేను విప్పలేదు.

మా కంపెనీ జీపులు రెండూ అప్పట్లో ఆయన షెడ్డుకే వెళ్ళేవి. మరుసటి నెల మేనేజరుగారు వాటిని వేరేచోటికి మార్చమన్నారు. ఆ లేఖకు ముసాయిదా నాదే. "పనితనం సంతృప్తికరంగా లేనందున" అన్న అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యం కూడా నాదే. ఒక్క తప్పు లేకుండా రాశాను.

వారం తర్వాత మేస్త్రిగారు ఆ లేఖ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన తెలుగు చక్కగా చదివేవారు, ఇంగ్లీషు రాదు. "ఏం రాశారో కాస్త చదివి చెప్పండి బి.కాం. గారూ."

"జీపులు ఇకమీదట వేరేచోట చేయించుకుంటారటండి."

"ఎందుకో రాశారాండి?"

"రాయలేదండి."

ఆయన నా ముఖం వంక కాసేపు చూసి, కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్ళబోతూ, "బండి బాగుందాండి ఇప్పుడు?" అని అడిగారు.

ఆ తర్వాత ఏడేళ్ళూ నా కారును ఆయనే చూశారు. వెళ్ళినప్పుడల్లా అదే ప్రశ్న: "ఏం జరిగిందో చెప్పండి." నేను బ్రేకు గురించో, స్టీరింగు గురించో చెప్పేవాడిని. ఎన్నిసార్లు నిజం చెప్పే వాక్యం సిద్ధం చేసుకుని వెళ్ళానో! స్ప్రింగులు మాత్రం మార్పించాను. ఆయన సంతోషించారు.

పెద్దకర్మ నాడు వారి ఇంటికి వెళ్ళాను. మేస్త్రిగారి భార్య నన్ను లోపలికి పిలిచి, పెట్టెలోంచి ఒక కాగితం తీశారు. "ఇది మీ కంపెనీదేనటండి. ఇంకా ఉంచాలా, పారేయొచ్చాండి?"

నేను చూసిన మడతలే. "ఇందులో ఏముందో మీకు తెలుసాండి?" అన్నాను.

"అయ్యో, తెలీకేం! వచ్చిన్నాడే మా అమ్మాయి చదివి చెప్పింది కదండీ. పని బాలేదని రాశారు."

"మరి ఆయన నా దగ్గరకు తెచ్చారు కదండీ?"

"ఆ తర్వాతేనండి. మీ ఇంటినుంచొచ్చి అన్నం ముందు కూర్చుని, 'చదవలేకపోయారు, పాపం' అన్నారు. కళ్ళజోడు లేదేమోననుకున్నానండి నేను."

అప్పుడు చెప్పాను, మొత్తం. గడ్డి, మంట, ఆయిలు బిరడా, లేఖ. ఆమె చేతిలోని స్టీలు గ్లాసును చాలాసేపు కొంగుతో తుడిచారు. చివరికి, "నాకు చెప్తే ఏముందండీ. మాట పడ్డది షెడ్డు కదండీ. అక్కడ చెప్పండి, నలుగురున్నప్పుడు" అన్నారు. ఆ కాగితం నా చేతికే ఇచ్చారు.

పదవీ విరమణ చేసిన మా మేనేజరుగారికి ఆ రాత్రే జరిగినదంతా రాశాను. ఆ ఉత్తరానికి ముసాయిదా అవసరం లేకపోయింది. ఆదివారం ఉదయం షెడ్డుకు వెళ్ళాను. ఆయన దగ్గర పని నేర్చినవారు ఇద్దరు షెడ్డు నడుపుతున్నారు. కార్ల యజమానులు ఏడెనిమిది మంది ఉన్నారు. లేఖను తెలుగులో, ఒక్క మాట విడువకుండా, గట్టిగా చదివాను. ఎవరు రాశారో, ఎందుకు రాశారో చెప్పాను. పంక్చర్ల ఆయన "ఏంటండీ! మీరా?" అన్నాడు. ఒక పెద్దమనిషి నా వంక చూడకుండా కారెక్కి వెళ్ళిపోయారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

తర్వాత ఏడేళ్ళుగా నా బీరువాలో ఉన్న పొట్లాన్ని బల్ల మీద పెట్టి, పురికొస విప్పాను. కాలిన గడ్డి. యాక్సిలుకు చుట్టుకున్నది చుట్టుకున్నట్టే, కంకణంలా గట్టిపడి ఉంది. ఒక్కచోట రంపంతో కోసిన గాటు. పైన నల్లగా మాడినా, లోపలి పొరలు ఇంకా పచ్చగా, వడ్ల రంగులోనే ఉన్నాయి. నడిమి రంధ్రం యాక్సిలంత గుండ్రంగా ఉంది.

బల్ల మీద పని ఉండి, షెడ్డు నడిపే ఆ ఇద్దరిలో ఒకతను దాన్ని తీశాడు. పారేస్తాడేమో అనుకున్నాను. కొత్త రబ్బరు బూట్లు వేలాడదీసే మేకుకు, వాటి మధ్య తగిలించాడు. రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడల్లా రేకులు అదిరి, అది కొద్దిగా ఊగుతోంది. ఊగినప్పుడల్లా రెండు మూడు గడ్డిపోచలు కింద ఆగి ఉన్న కారు మీద రాలుతున్నాయి.