కిటికీలో మిగిలిన మలాం డబ్బీ

మునగాలలో మా పెద్దమ్మ పోయింది. ఫోన్ వచ్చేసరికి నేను ఆమె మందులు కొనుక్కుని సూర్యాపేటలో బస్సెక్కాను. దారంతా ఆ సంచీ ఒళ్లోనే ఉంది. దిగాక దాన్ని ఏం చేయాలో తెలియలేదు.

మీలో ఆమె మలాం రాసుకున్నవాళ్లు ఉండే ఉంటారు. నాట్లేసి బురదకు కాళ్లు పగిలిన ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. నీడన ఎండబెట్టిన ఉసిరి, కరివేపాకు నువ్వుల నూనెలో సన్న సెగన కాచి, వడగట్టి, తేనెమైనం కలిపేది. ఆకులో కాస్త తడి ఉన్నా పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు.

"నీళ్లు తగిల్తే బూజు పడ్తది బిడ్డా. గాలి తగిల్తే నూనె చెడిపోతది. ఈ ఉసిరి, కరివేపాకు ఆపుతయా? ఆపయి. జర ఆలస్యం జేస్తయి, గంతే."

ప్రతి వాయిలో ఒక డబ్బీ ఎవరికీ ఇవ్వకుండా వంటింటి కిటికీలో ఉంచి, మధ్య మధ్య వాసన చూసేది. అది చెడిందా, ఇక ఊరి మీద పడేది. ఆ వాయి డబ్బీలన్నీ ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చి పారబోసేది. "ముక్కు వద్దన్నది ఒంటికెందుకు?" అనేది.

ఒక జ్వరం తర్వాత ఆమెకు వాసనే తెలియకుండా పోయింది. అప్పట్నుంచి ఆ పని నాది. నేను మూత తీస్తే నా మొహం చూసేది. "మొహమాటపడకు. పాడైతే పాడైందను."

జబ్బు ముదిరాక దవాఖానలో డాక్టరునూ అదే అడిగింది. "ఈ మందు ఆపుతదా సారూ, ఆలస్యం జేస్తదా?" ఆయన మందుల చీటీ రాసిచ్చాడు. పెద్దమ్మ నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆలస్యమైనా చాలనుకున్నాను. అదీ దక్కలేదు.

ఆమె చివరి వాయి డబ్బీ కిటికీలోనే ఉంది. దినాలయ్యాక కూడా వెళ్లి వాసన చూస్తూ వచ్చాను. అది బాగున్నన్నాళ్లూ ఆమె పూర్తిగా పోలేదనిపించేది. మొన్న మూత తీస్తే పాత నూనె కంపు. "పాడైంది పెద్దమ్మా" అన్నాను పైకే. ఇల్లు ఖాళీగా ఉంది.

ఆమె పద్ధతి ప్రకారం ఆ మందుల సంచీయే దులిపి పట్టుకుని బయల్దేరాను. పక్కింటి అత్తమ్మ మొదట్లోనే "ఇయ్య" అంది.

"చెడిపోయిందత్తమ్మా. రాసుకోవద్దు."

"రాసుకోను బిడ్డా. ఉండనీ. ఇగ ఆమె చేతిది ఇంకోటి ఏడ దొర్కుతది?"

డబ్బీని కొంగున ముడేసుకుంది. తిరిగిన ఏ ఇంట్లోనూ ఇవ్వలేదు. కొందరివి అడుగంటిపోయాయి కూడా, అయినా ఇవ్వలేదు.

ఖాళీ సంచీతో తిరిగొచ్చాను. పెద్దమ్మ అయితే ఆ కిటికీలోదాన్ని అప్పుడే పారబోసేది. నేను దాని మూత గట్టిగా బిగించి, దాని చోటనే పెట్టాను.