జపాన్ కత్తి సినిమాపై మా అమ్మ అభిప్రాయం

సినిమా చూసే ముందు దాని గురించి జనం ఏం రాశారో చదివే అలవాటు నాకుంది. నెల్లూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఊరు మైపాడు నుంచి పోనూ రానూ బస్సులోనే బోలెడు పొద్దు గడుస్తుంది కాబట్టి ఈ చదువంతా కిటికీ పక్క సీట్లోనే. ఎవరు ఎన్ని చుక్కలిచ్చారు, ఎవరు ఎవరిని తిట్టారు, అన్నీ నాకు కావాలి. సినిమా కంటే ఆ తగువులే బాగుంటాయని చాలాసార్లు అనిపిస్తుంది.

పోయిన కార్తీకంలో అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ముసురు వదల్లేదు. బడికి సెలవిచ్చారు. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగేశారు. రెండో రోజు మధ్యాహ్నం టీవీలో తెలుగులోకి మార్చిన ఒక జపాన్ సినిమా వస్తుందని తెలిసి, నా అలవాటు ప్రకారం ఫోన్ తీశాను. చచ్చినవాళ్ళు లేచి వచ్చి బతికినవాళ్ళను కరుస్తుంటే, ఒక కత్తివీరుడు వాళ్ళను నరుక్కుంటూ పోతాడు. అంతే కథ. కథ అడక్కండి, కత్తి చూడండి అని ఒకాయన రాశాడు. చివరి పోరాటం కోసమే మూడుసార్లు చూశానని ఒకావిడ. ఆ నెత్తురు నెత్తురు కాదు టమాటా సాసు అని ఇంకొకాయన విసుక్కుంటే, కింద ఇరవై మంది ఆయన మీద పడి కరిచారు.

చూడాలన్న సరదా నాకేం లేదు. అమ్మ కోసం పెట్టాను. ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండాలని.

అమ్మ ముప్పై ఏళ్ళు మా ఊరి చేపల మార్కెట్లో చేపలు కోసింది. కొన్నవాళ్ళు చేప తెచ్చి ముందు పెడితే పొలుసు గీకి, రెక్కలు తీసి, ముక్కలు చేసి ఇవ్వడం ఆమె పని. కుడి కాలితో కత్తిపీట తొక్కిపట్టి, రెండు చేతులతో చేపను కత్తి మీదికి నెడుతుంటే ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పడేవి. ఆ ముసురుకి ఎనిమిది నెలల ముందు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది గానీ కుడి చెయ్యి రాలేదు. మోచెయ్యి దాకా కదులుతుంది, వేళ్ళు ముడుచుకోవు. పిసకమని ఆసుపత్రిలో ఇచ్చిన రబ్బరు బంతిని పక్కింటి మిద్దె మీదికి విసిరేసింది. ఆ తర్వాత మాటలు కూడా తగ్గించేసింది. నన్ను ఒకే ఒకటి అడిగింది.

"మార్కెట్లో నా చోటు ఎవురికీ ఇయ్యబాకమే. నేనొస్తా."

నేను ఇచ్చేశాను. చోటే కాదు, కత్తిపీట కూడా. పక్కింటి వదిన కొత్తగా ఆ పనికి దిగితే, ముసురుకి నాలుగు నెలల ముందు ఆమెను పిలిచి నేనే చేతుల్లో పెట్టాను. అమ్మ ఎప్పుడో ఒకరోజు దాని ముందు కూర్చుని ఉన్న చెయ్యి కూడా కోసుకుంటుందని నా భయం. అడిగితే అటక మీద పెట్టానని చెప్పాను. పిల్లలకు అబద్ధం చెప్పొద్దని రోజూ పాఠం చెప్పే మనిషిని.

సినిమాకి ఆ వదిన వచ్చింది, ఎదురింటి అవ్వ వచ్చింది. వానకు ఇద్దరికీ పని లేదు. వదిన నా ముఖం చూడకుండా వచ్చి అమ్మ మంచం పక్కన కింద కూర్చుంది.

మొదటి అభిప్రాయం అవ్వది. "చచ్చి మట్టిలోంచి లేచినోళ్ళకి తల చెదర్లేదు, చొక్కా నలగలేదు. ఎవురు ఇస్త్రీ చేసి పంపినారు వీళ్ళని?"

వదినకు చచ్చినవాళ్ళతో పేచీ లేదు, కత్తితోనే. "ఒక్క యేటుకి మెడ తెగుద్దా? లోపల ఎముక ఉంటది గదా! వంజరం చేప నడిముల్లుకే నేను రెండుసార్లు నెట్టాల. ఇంతమందిని కోసినాడు, ఒక్కసారన్నా సాన పట్టినాడా? కడిగినాడా?"

ఆ దేశంలో కత్తి ఇనుము వేరే రకమని, అది పద్ధతిగా నేర్చుకునే విద్య అని నేను చెప్పబోయాను. "నువ్వూరుకోమ్మే, బళ్ళో చెప్పుకో" అంది అవ్వ. నిజం చెప్పాలంటే నా ఫోన్లో ఉన్న వాటన్నిటికంటే వీళ్ళ మాటలే నాకు బాగా నచ్చాయి.

సగం సినిమా అయ్యాక వీరుడి కుడి చేతిని ఒకడు కరిచాడు. ఆ చెయ్యి వేలాడిపోయింది. కత్తి ఎడమ చేతిలోకి మార్చుకుని పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాడు. అవ్వ తల దించుకుంది. నేను రిమోట్ కోసం చెయ్యి చాచాను.

"ఉండనీ" అంది అమ్మ.

మంచం మీద లేచి కూర్చుంది. కళ్ళు టీవీ మీదే. కాసేపటికి ఆమెకు కోపం వచ్చేసింది. ఆ కోపం చూసి ఎన్ని నెలలైందో!

"ఈడికి బుద్ధుందా? కుడిచేత్తో చేసిందే ఎడంచేత్తో చెయ్యాలని చూస్తుండాడు. కత్తిని ఎందుకట్టా తిప్పేది? కత్తిని ఆ గుంజకి ఆనించి నిలబెట్టాల. ఎడంచేత్తో పట్టి లాగాల, కుడి మోచేత్తో నెట్టాల. కత్తి కదలకూడదు, వచ్చేదే దాని మీదకి రావాల."

"అట్టా చెయ్యాలన్నా రెండు చేతులుండాలి గదా అత్తా" అంది వదిన.

"మోచెయ్యి ఉండాది గదమే ఆడికి" అని, అమ్మ ఆగిపోయింది. తన కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని చూసుకుంది. అటూ ఇటూ తిప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అటక మీంచి నా కత్తిపీట దించు."

వీరుడు టీవీలో అరుస్తూనే ఉన్నాడు. నేను నిలబడ్డాను గానీ అటక వైపు వెళ్ళలేదు. వదిన పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక దాచి లాభం లేదు. "అక్కడ లేదమ్మా. వదినకిచ్చినా. చోటు కూడా" అన్నాను.

తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది. తిట్టినా నాకు అంత బాధ కలిగేది కాదు. నలభై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషిని, చిన్నపిల్లలా ఏడ్చేశాను. ఈలోగా వదిన లేచి వానలోకి వెళ్ళిపోయింది. అలిగిందేమో అనుకున్నాను. గోనెసంచి కప్పిన కత్తిపీటను నెత్తిన పెట్టుకుని వెనక్కి వచ్చి, అమ్మ ముందు దించింది.

అమ్మ బొటనవేలు కత్తి అంచు మీద ఆనించి చూసింది. "సాన ఎవురు పట్టినారు?"

"నేనే అత్తా."

"బాగుండాది" అంది. నాతో మాత్రం మాట్లాడలేదు.

ముసురుకి చేపలు లేవు కాబట్టి సాధన అంతా సొరకాయల మీద. ముందు పీటను ఎప్పుడూ పెట్టే దిక్కుకు కాకుండా తిప్పి పెట్టుకుంది. ఎడమ చెయ్యి లాగాలి, కుడి మోచెయ్యి వెనక నుంచి నెట్టాలి. మొదటి సొరకాయ జారి గోడకు కొట్టుకుంది. రెండోది కోస్తుంటే ఎడమ బొటనవేలు తెగింది. నేను కేకలు పెట్టాను. ఆమె వేలు నోట్లో పెట్టుకుని మూడోది అందుకుంది. పూటపూటా సొరకాయ పులుసు, సొరకాయ కూర, సొరకాయ పచ్చడి. నాతో మాట మాత్రం లేదు.

నాలుగో రోజు ఊరుకోలేక, ఆ సినిమా కింద అమ్మ అభిప్రాయం ఉన్నదున్నట్టు రాసి పెట్టాను. ముప్పై ఏళ్ళుగా కత్తితో పని చేస్తున్న ఒక పెద్దావిడ చెప్పిన మాట అని మాత్రమే రాశాను. సాయంత్రానికి ఎవరో బదులు రాశారు. చాలా లోతైన మాటండీ, ఆవిడ ఏ గురువు దగ్గర కత్తివిద్య నేర్చుకున్నారు అని. అది అమ్మకు చదివి వినిపించాను.

అమ్మ పగలబడి నవ్వింది. "చేపల దగ్గరని రాయిమే" అంది. మాట కలిసింది. అబద్ధం చెప్పినందుకు నేను క్షమించమని అడగలేదు, ఆమె క్షమించాననీ అనలేదు. కానీ ఆ పూట ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం.

ఎండ కాసింది. పడవలు వెళ్ళి వచ్చాయి. ఆదివారం పొద్దున్నే అమ్మ మార్కెట్లో తన చోట కూర్చుంది. వదిన ముందే ఇంకో పాత కత్తిపీట సంపాదించుకుని పక్కకు జరిగింది. నేను సాయానికని వెళ్ళాను. మొదటి గంట ఎవరూ అమ్మ దగ్గరికి రాలేదు. పాతవాళ్ళు పలకరించారు, బాగుండావా అక్కా అని అడిగారు, చేపలు మాత్రం వదిన ముందు పెట్టారు. వాళ్ళను తప్పుపట్టలేను, నేనైనా అదే చేసేదాన్ని. అమ్మ మాత్రం నీళ్ళు చల్లి పీట కడుగుతూనే ఉంది.

అంతలో స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. ఊరికి కొత్తలా ఉన్నాడు. వంజరం సంచి వదినకు అందించబోతే, వదిన చేతులు వెనక్కి తీసుకుని అమ్మను చూపించింది. ఆయన అమ్మ చేతిని చూశాడు. "నాకు టైం లేదమ్మా" అన్నాడు. బండి ఇంజను కూడా ఆపలేదు. అప్పటికే అమ్మ ఎడమ చేత్తో సంచిలోంచి చేపను లాగేసుకుంది.

మొదటి ముక్క లావుగా పడింది. రెండోది పలచన. మూడో ముక్కకు చేప మోచేతి కింద నుంచి జారింది. ఇక ఆగలేక తోక పట్టుకుందామని వంగాను.

"తియ్యిమే చెయ్యి" అంది, నన్ను చూడకుండానే.

తీసేశాను. తీసి, ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులూ వెనక కట్టుకున్నాను. నాలుగో ముక్క సరిగ్గా తెగింది. ఐదోదీ తెగింది. వెనక ఇంజను చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆయన హెల్మెట్ తీసి అద్దానికి తగిలించి, బండికి స్టాండ్ వేస్తున్నాడు.

ముక్కలన్నీ అయ్యాక తల మిగిలింది. వంజరం తల చీల్చడం రెండు చేతులూ బాగున్నవాళ్ళకే కష్టం. దాన్ని అలాగే సంచిలో వేసి ఇచ్చేస్తుందనుకున్నాను, ఇచ్చేస్తే బాగుండుననీ అనుకున్నాను. అమ్మ దాన్ని కత్తి ముందు పెట్టుకుని, మోచేతి చెమట చీరకు తుడుచుకుని, తలెత్తింది.

"పులుసుకా సార్, వేపుడుకా?" అని ఆయన్ని అడిగింది. "పులుసుకైతే రెండుగా చీల్చి ఇస్తా."