వదిన తీసిన మడవ

రెండు పారల మట్టి ఎంత బరువుంటుందో మీకు తెలియకపోవచ్చు. నేను పాతికేళ్లకు పైగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకైతే చెప్పగలననుకుంటున్నాను.

మాది గోదావరి కాలువ చివరి ఊరు. ఇంటికొకరు మిలటరీలో ఉండేవారు. కార్గిల్ యుద్ధం వచ్చిన వేసవిలో సెలవుపై వచ్చినవాళ్లను కూడా వెనక్కి పిలిచారు. ఊళ్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు మిగిలారు. దుక్కి దున్నడం, గట్లు చెక్కడం, విత్తనం చల్లడం, అన్నీ ఆడవాళ్లే చేశారు. వయసులో ఉన్న మగవాళ్లం ఇద్దరో ముగ్గురో. నేను సెలెక్షన్‌కు వెళితే ఛాతీ కొలత చాలలేదని పంపేశారు. అందుకే కాలువ నీళ్ల వంతులు చూసే పని పెద్దలు నాకు అప్పగించారు.

మా పక్క చేను రాజ్యం వదినది. సొంత వదిన కాదు, ఊరి వరస. భర్త, నాకు వరసకు అన్నయ్య, యుద్ధంలో ఉన్నాడు. ఏ కొండ మీద ఉన్నాడో ఆవిడకు తెలియదు. అయినా సరదా పోని మనిషి. ఓసారి గట్లు చెక్కుతున్న ఆడవాళ్లతో, "ఇతన్ని చూసి సిగ్గుపడకండే, మగాళ్ల లెక్కలోంచి సర్కారే తీసేసింది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఏడు నీళ్లు సన్నగా వచ్చాయి. తన వంతు రోజున వదిన తెల్లవారగానే వచ్చి మడవ తీసింది. కాలువ గట్టు కాస్త తెంచి చేలోకి నీళ్లు వదిలే దారిని మా వైపు మడవ అంటాం. తీసి, టీవీ ఉన్న ఇంటికి వార్తల కోసం పరుగెత్తింది. నేను చింతచెట్టు పక్కన నిలబడి ఉన్నాను. ఆవిడ నన్ను చూడలేదు. మా నారుమడి నెర్రెలిచ్చి ఉంది. ఈ ఒక్క పూట వాడుకుని రేపు నా వంతు ఇచ్చేద్దాం అనుకున్నాను. రెండు పారల మట్టి వేసి ఆవిడ మడవ కట్టేశాను. మాది తీశాను.

సాయంత్రం వదిన వచ్చింది. పొడిగా ఉన్న మడి చూసి నిలబడిపోయింది.

"పొద్దున్నే తీశానయ్యా. తీశాను కదూ?"

"లేదు వదినా. నేను అటే వచ్చాను. మడవ కట్టే ఉంది. వార్తల ధ్యాసలో మర్చిపోయుంటావు."

ఆవిడ తన అరచేతుల వైపు చాలాసేపు చూసుకుంది. "అయ్యుంటుందిలే. నా బుర్ర నా దగ్గర లేదు."

మర్నాడు కాలువ అడుగంటింది. ఇవ్వడానికి నా వంతే లేకుండా పోయింది. వాళ్ల నారు మాడిపోయింది, చేను బీడుపడింది. కోడలు టీవీ ముందు కూర్చుని మడి ఎండబెట్టిందని అత్తగారు ఊరంతా చెప్పుకుంది. అన్నయ్య క్షేమంగా తిరిగొచ్చి, చేను కౌలుకిచ్చి వదినను తన వెంట తీసుకెళ్లిపోయాడు. అరక తోలిన మనిషి మళ్లీ పార ముట్టుకోలేదు.

నీళ్ల కోసమే చేశానా? ఆ నవ్వుల కోసమా? అవసరమే అయితే, కట్టిన చోటు తెలియకుండా ఆ మట్టిని పారతో ఎందుకు చదును చేశాను? పోనీ, మట్టి వేయడానికి ఏదో కారణం చెప్పుకోవచ్చు, కానీ "లేదు వదినా" అన్న మాటను నా చేత ఎవరూ అనిపించలేదు, దానికి కారణం ఎంత వెతికినా దొరకలేదు.

ఊరు వదిలి ఉద్యోగంలో పడ్డ నన్ను నిరుడు ఆఫీసు గుర్గావ్‌కు బదిలీ చేసింది. భార్యాపిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు. గుర్గావ్ పక్కనే ద్వారకలో ఒక్కణ్ణే అద్దెకుంటున్నాను. వారమంతా తెలుగు ఫోన్లోనే. ఓ ఆదివారం అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనం దొరికే చోటికి వెళితే అన్నయ్య కనిపించాడు. రిటైరై ఇక్కడే స్థిరపడ్డారట, మా పక్క సెక్టారే. అప్పటినుంచి ఆదివారాలు వాళ్లింట్లోనే. ఈ నగరంలో నన్ను వరస పెట్టి పిలిచే ఇల్లు అదొక్కటే.

వాళ్ల సొసైటీలో నీళ్లు పొద్దున కాసేపే వస్తాయి. వదిన ట్యాంకు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఫోను మోగినా లేవదు. మొన్న వాళ్లమ్మాయి, మోటారు దానంతటదే ఆగిపోతుంది కదా అని హిందీలో విసుక్కుంది. "మమ్మీ, ఆటోమేటిక్ లగాయా హై నా. అప్నే ఆప్ బంద్ హో జాయేగా."

"నా మీద నాకు నమ్మకం లేదే. టీవీ చూస్తూ నారుమడి ఎండబెట్టినదాన్ని."

"నేనక్కడ కొండ కాపాడుకొచ్చాను, మీ అమ్మ ఇక్కడ మడి కాపాడలేకపోయింది" అన్నాడు అన్నయ్య, పేపరు దించకుండానే.

వదిన నవ్వి నా వైపు తిరిగింది. "నిజమే కదయ్యా?"

"అవును వదినా."

అంటే రెండోసారి అన్నాను. ఈసారి కాలువ లేదు, కరువు లేదు. ఆ ఇల్లు పోతుందన్న భయం ఒక్కటే.

ఈ ఆదివారం పనుందని చెప్పి వెళ్లలేదు. ఎప్పటికైనా ఆవిడకు చెబుతానా? తెలియదు. చెప్పినా నన్ను క్షమించమని ఆవిడను అడిగే ముఖం నాకు లేదు. కానీ ఒక్కచోటైనా జరిగింది జరిగినట్టు ఉండాలి. ఇంతదాకా రాశాక చేతులు కాస్త తేలికయ్యాయి, అంతే.

ఆ పొద్దున వదిన మడవ తీసింది. తీస్తుంటే నేను చూశాను.